తెర వెనుక ఎడమచెయ్యి

పొద్దున పూట మా ప్రెస్సులో ముందురోజు అచ్చుకు వాడిన సీసపు అక్షరాలను కిరసనాయిలుతో కడుగుతారు. బ్రష్షు పెట్టి రుద్దుతుంటే సిరా కరిగి నల్లగా కారుతుంది. ఆ వాసన వీధి గుమ్మం దాటి, పక్కనున్న మిరపకాయల మండీ ఘాటుతో కలిసిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కుకు ఏదో ఒకటి అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలిందంటే చాలు, మా అత్త గురువమ్మ పక్కన వచ్చి నిలబడి నేను పేర్చిన వరుసలో తప్పు వెతుకుతున్నట్టే ఉంటుంది. ఆమె పోయి ఎన్నేళ్ళయిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. అయినా ఆ వాసనలో నేను ఇప్పటికీ వెన్ను నిటారుగా పెట్టుకునే నిలబడతాను.

ఆమె మా నాన్నకు చెల్లెలు, నాకు మేనత్త. ఆమె కొడుకునే చేసుకున్నాను కాబట్టి తరువాత అత్తగారు కూడా అయింది. మా పుట్టిల్లు కోవిల్‌పట్టి, ప్రెస్సు ఉన్నది విరుదునగర్‌లో. ముసలివాళ్ళు ఇప్పటికీ విరుదుపట్టి అనే అంటారు. మా వాళ్ళంతా ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గడప దాటితే అరవం. రాసేది, చదివేది అంతా అరవంలోనే. తెలుగుకు అక్షరాలు ఉంటాయని నాకు చాలాకాలం తట్టనే లేదు. నలభై ఏళ్ళు దాటాక మద్రాసు నుంచి బాలశిక్ష తెప్పించుకుని నేర్చుకున్నాను. అందుకే నా రాతలో ఈ పుస్తకాల వాసన. మా అత్త వింటే పగలబడి నవ్వేది.

ఆమెను గురించి నాకున్న మొదటి గట్టి జ్ఞాపకం కోవిల్‌పట్టిలోనిది. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. అత్త పుట్టింటికి వచ్చి నాలుగు రోజులయింది. విరుదునగర్ నుంచి ఆమె బావగారు, అంటే మామయ్యకు అన్న, ఉత్తరం రాశాడు. మా నాన్న కిటికీ దగ్గర కూర్చుని కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి గట్టిగా చదువుతున్నాడు. ఎదురుగా అత్త చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. క్షేమసమాచారాలు, వానల సంగతి, మండీ సంగతి అన్నీ చదివి నాన్న కాగితం మడవబోయాడు.

"రెండో వరస మింగేస్తివే అన్నా," అంది అత్త, కాయ మీద నుంచి చూపు ఎత్తకుండానే. "'గురువమ్మను కొన్ని నెలలు ఆడనే పెట్టుకోండి, ప్రెస్సుకు వేరే ఆలును సూస్తుండా' అని రాసినాడు గదా బావ."

నాన్న చేతిలో మడత సగంలోనే ఆగింది. పల్చటి కాగితం వెనుక నుంచి, తిరగబడి కనబడే అక్షరాలను, ఆమె కాయలు ఈనె తీస్తూనే చదివేసింది. చెల్లెలి మనసు కష్టపడుతుందని ఆయన దాటేసిన వరుస అదే. అత్త చిక్కుడుకాయల గిన్నె మా అమ్మ చేతికిచ్చి, మూట కట్టుకుని, ఆ మధ్యాహ్నం రైలుకే విరుదునగర్ వెళ్ళిపోయింది. వేరే ఆలును, అంటే పనివాణ్ణి, చూసుకునే అవసరం బావగారికి పడలేదు.

ఆ విద్య ఆమెకు ఎలా వచ్చిందో చెప్పాలి. మామయ్య చిన్న ప్రెస్సు పెట్టుకున్నాడు. పెళ్ళి పత్రికలు, మండీల చీటీలు, పత్తి కంపెనీల వాళ్ళకు ఇంగ్లీషు కాగితాలు అచ్చువేసేవాడు. కొన్నేళ్ళకు ఆయన కళ్ళకు పొర కమ్మింది. అచ్చు అక్షరం సీసపు ముక్క మీద తిరగేసి ఉంటుంది, కాగితం మీద పడ్డాకే నేరుగా కనిపిస్తుంది. అక్షరాలు పేర్చేవాళ్ళు ఆ తిరగేసిన వరుసనే చదువుకోవాలి. అత్త చిన్నప్పుడు కోవిల్‌పట్టి మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివింది. ఆ కాస్త అరవం, కాస్త ఇంగ్లీషు పెట్టుబడిగా భర్త స్థానంలో నిలబడింది. పదేళ్ళలో ఆమెకు తిరగేసిన రాతే సొంత రాత అయిపోయింది. నేరుగా ఉన్న పుస్తకం ఇస్తే కొంచెం తడబడేది, దాన్ని అద్దంలో చూపిస్తే గడగడా చదివేది.

నేను కోడలిగా వచ్చిన వారానికే నన్ను అక్షరాల గడులున్న నిలువెత్తు చెక్క కేసు ముందు నిలబెట్టింది. ఒక వరుస పేర్చి చదవమంది. నేను మెడ వంకర పెట్టి, కళ్ళు చికిలించి, ఒక్కో అక్షరాన్నీ మనసులో తిప్పుకుంటూ చదివాను.

"అట్ల తిప్పుకుంటా ఉంటే పొద్దు పోతాది లచ్చుమీ," అంది. "నేరుగా సదివేది మరిసిపో. వాండ్లకు తిరగబడి ఉండేది మనకు నేరు."

మరిచిపోవడం అంత సులువు కాలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను వట్టి పిరికిదాన్ని. కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు యంత్రం తిరుగుతుంటే చెయ్యి నలుగుతుందని దూరంగా జరిగేదాన్ని. ఉరిమితే మంచం కిందకు దూరేదాన్ని. పెదమామ గొంతు వినపడితే నా చేతిలో పేర్చిన వరుస కూలిపోయేది. పెదమామ అంటే ఆ ఉత్తరం రాసిన బావగారే. మిరపకాయల మండీ ఆయనది, ప్రెస్సు నడిచే కట్టడం కూడా ఆయనదే. మనిషి చెడ్డవాడు కాడు, తమ్ముడి కళ్ళ కోసం మదురైకి ఎన్నిసార్లు తిప్పాడో. కానీ ఇంటి ఆడది సిరా చేతులతో నలుగురి ఎదుట నిలబడడం ఆయనకు పరువు తక్కువ. మా అత్త ఆయన ముందుకు రాదు, ఆయన ముఖం చూసి మాట్లాడదు. బావగారితో అలా మాట్లాడడం మా ఇళ్ళలో లేదు. కేసు చాటున నిలబడి మాట నాతో అనేది, వినేది ఆయన.

మాటల సినిమా ఇంకా మా వైపు రాని రోజులవి. విరుదునగర్‌లో రేకుల కప్పు వేసిన ఒక సినిమా కొట్టాయి ఉండేది. దాని యజమాని ఒకనాడు కొత్త ఆటకు నోటీసు అచ్చువేయించడానికి వచ్చాడు. విలాయతి దయ్యాల పడం అట, సినిమాను మా వైపు పడం అంటారు. చూసినవాళ్ళ గుండెలు ఆగుతాయట. చివర పెద్ద అక్షరాలతో 'గుండె దిటవు లేనివారు, స్త్రీలు రాకూడదు' అని వేయమన్నాడు. అలా వేస్తే మగవాళ్ళు పంతం కొద్దీ ఎగబడతారని అతని లెక్క.

అరవంలో స్త్రీలను పెణ్‌గళ్ అంటారు. మర్నాడు ఆకుపచ్చ కాగితం మీద నోటీసులు అచ్చయి, ఊరంతా పంచాక చూస్తే ఆ మాట లేదు. 'గుండె దిటవు లేనివారు రాకూడదు' అని మాత్రమే ఉంది, పక్కన వేలు చూపిస్తున్న చెయ్యి బొమ్మ ఒకటి. యజమాని పెదమామను వెంటబెట్టుకుని వచ్చాడు.

"సెప్పు లచ్చుమీ," అంది అత్త కేసు చాటు నుంచి. "ఆ మాటకు ణకారం కావల్ల. మన కాడ ఉన్న ణకారాలు అన్నీ మీద వరసల్లోనే అయిపాయె. అచ్చరం సాల్లేదు."

ప్రెస్సులో అక్షరం చాలకపోవడం రోజూ ఉండేదే. ఎవరూ కాదనలేరు. కానీ నేను ఆ పక్కనే ఉన్నాను, ఆమె కొంగు చివర ముడి నాకు కనిపిస్తూనే ఉంది. అందులో నాలుగైదు సీసపు ముక్కలు బరువుగా వేలాడుతున్నాయి. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

యజమాని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పెదమామ మాత్రం కదల్లేదు. ఆయన చూపు కూడా ఆ ముడి మీదే ఉందేమోనని నా అనుమానం.

"గురువమ్మకు బయం లేదు, సరి," అన్నాడు నన్ను చూసి, ఆమెతో. "ఆదివారం మజ్జానం ఆట. మన వీది ఆడవాండ్లను పిలుసుకుని పొమ్మను. పడం ముగిసేదానికి ముందర ఒక్కతె లేసి బయటికి వచ్చినా సరి, మర్నాటి నుంచి గురువమ్మ ఈ గడప తొక్కేది లేదు. మదురైలో ఆలు సిద్దంగా ఉండాడు."

"ఒక్కరూ బయటికి రాకుంటే ఏమని అడుగు లచ్చుమీ."

"రాకుంటే ఈ ప్రెస్సు జోలికి నేను రాను. ఇది నా మాట."

ఆయన వెళ్ళాక అత్త వరుస పేర్చే ఇనుప పట్టీ, అదే స్టిక్కు, తీసుకుని మళ్ళీ అక్షరాలు పేర్చసాగింది. చేతులు మామూలుగానే కదులుతున్నాయి. మామయ్య ప్రెస్సు వెనక గదిలో మంచం మీద నుంచి అంతా విన్నాడు. ఎందుకు ఒప్పుకున్నావు, నీకు ప్రెస్సు పోతే నేను ఏం కావాలి అని అడిగాడు. ఆ పని పోతే ఆమె ఏమవుతుందో నాకూ తెలుసు. ఇరవై నాలుగు గంటలూ వంటింట్లో తిరిగే గురువమ్మను ఊహించుకుంటే నాకే ఊపిరాడలేదు.

ఆదివారానికి పన్నెండుమందిమి తేలాం. మా అమ్మ కోవిల్‌పట్టి నుంచి పొద్దుటి రైలుకు దిగింది. ఆడబిడ్డ పరువు తన పరువు అంది, వేపాకు రెబ్బలు మాత్రం మూటలో పెట్టుకుని వచ్చింది. మిగిలినవాళ్ళు వీధిలో మిరపకాయలు ఏరే ఇళ్ళవాళ్ళు. వాళ్ళలో ముగ్గురు అరవం వాళ్ళయినా మా మధ్య పెరిగి తెలుగు వచ్చినవాళ్ళే. నేను వస్తానని ముందే అనేశాను, ఆ మాట అన్నందుకు శనివారమంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ కొట్టాయిలో ఆడవాళ్ళకు వేరే తలుపు, వేరే చోటు. ఆ చోటు ఎక్కడో తెలిస్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. తెర వెనుక. గుడ్డ తెర మధ్యలో వేలాడుతుంది, ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. బొమ్మ మా వైపుకు కూడా పడాలని ఆట మొదలయ్యే ముందు ఒకడు తెర మీద బకెట్లతో నీళ్ళు కొడతాడు. తడిసిన గుడ్డలోంచి బొమ్మ వెనక్కి కనిపిస్తుంది, నీళ్ళు బొట్లు బొట్లుగా మా పాదాల మీద పడతాయి. రేకుల కింద ఆ మధ్యాహ్నపు ఉడుకులో అదొక్కటే సుఖం. మా తలుపు దగ్గర పెదమామ తన మండీ గుమాస్తాను కాపలా పెట్టాడు. ఆయనేమో మగవాళ్ళ వైపు ముందు వరుసలో కుర్చీ వేయించుకున్నాడు.

తలుపులు మూసి, సందుల్లో గోతాలు కుక్కి, చీకటి చేశారు. పడం మొదలైంది. మంచు కురిసే దేశం, కొండ మీద పాత బంగళా. దాని దొర రెండో పెళ్ళి చేసుకుని కొత్త భార్యను తీసుకొచ్చాడు. ఆ పిల్ల మెట్లెక్కుతుంటే నీడ ఆమె కంటే ముందు ఎక్కుతోంది. ఇంట్లో ఒక గోడ ఉంది. పొద్దుగూకితే ఆ గోడ లోపలి నుంచి ఎవరో తడతారు. పిల్ల చెవి పెట్టి వింటుంది, దొర ఏమీ లేదంటాడు. చప్పుడు లేని పడంలో తట్టడం ఏమిటని మీరు అడగవచ్చు. తట్టినప్పుడల్లా గోడ మీది దీపం అదిరేది. ఆ అదురు చాలు, వీపు మీద చెమట చల్లబడింది.

మూగ పడానికి కథ చెప్పడానికని కొట్టాయివాళ్ళు పెట్టిన ఆయన మగవాళ్ళ వైపు నిలబడి అరవంలో అరుస్తూనే ఉన్నాడు గానీ, అక్కడి ఈలలు, హార్మోనియం మోత మధ్య ఒక్క మాటా మా దాకా రాలేదు. మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషు మాటలు పడతాయి, మా వైపుకు అవీ తిరగేసే. మాటలు లేకపోతే దయ్యం ఎంత పెద్దదవుతుందో ఆ రోజు తెలిసింది. ఎందుకు తడుతున్నారో తెలియదు, ఎవరో తెలియదు, ఏం చేస్తారో తెలియదు. మూడో రీలులో ఆ పిల్ల దీపం పట్టుకుని ఒక్కతే గోడ దగ్గరకు నడిచింది. సున్నం పెచ్చు ఒకటి రాలింది. నేను లేచి నిలబడ్డాను.

అవును, నేనే. పన్నెండుమందిలో మొదట లేచింది గురువమ్మ కోడలు. కాళ్ళు తలుపు వైపు తిరిగిపోయాయి. నా వెనుక ఇంకో ఇద్దరు లేస్తున్న గాజుల చప్పుడు వినిపించింది. గుమాస్తా తలుపు సందులోంచి తొంగిచూశాడు. అత్త నన్ను పట్టుకోలేదు, కూర్చోమని అనలేదు. తెర మీద అప్పుడే పడిన మాటలను చూస్తూ, ప్రెస్సులో ప్రూఫ్ చదివినట్టు, పెద్ద గొంతుతో చదవడం మొదలుపెట్టింది. చదివింది ఇంగ్లీషు, నోట వచ్చింది మా ఇంటి తెలుగు.

"'ఎవురది లోపల తట్టేది?' అని అడగతాంది ఈ పిల్ల. 'నీ పేరేమి?' అంటాంది."

మేము గడప బయట తెలుగు మాట్లాడినవాళ్ళం కాదు. సినిమా కొట్టాయిలో, ఊరందరి చెవుల్లో పడేట్టు మా వంటింటి మాట వినబడేసరికి నాకు భయం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. నిలబడినదాన్ని నిలబడినట్టే ఆగిపోయాను. మళ్ళీ తెర మీద మాటలు పడ్డాయి, అత్త మళ్ళీ చదివింది.

"దొర సెప్తాడు, 'ఎలుకలు. పోయి పండుకో.' అబద్దం. వాని మొకం సూడండి, వాండు గోడను సూడ్డం లేదు." కాస్త ఆగి, మామూలు గొంతుతో అంది. "లోపల వాని మొదటి పెండ్లాం ఉండాది. వాండే పెట్టి గోడ కట్టేసినాడు. ఆమెకు మనమీద కోపం లేదు. తలుపు తియ్యమంటాంది, అంతే."

నేను కూర్చున్నాను. ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. లోపల ఉన్నది మూసేసిన ఆడమనిషి అని తెలిశాక ఆ తట్టడం వేరేగా తోచింది. మా అమ్మ వేపాకు ఎక్కడ పడేసిందో కూడా చూసుకోకుండా ముందుకు జరిగింది. 'పాపం, ఎన్నాళ్ళాయనో' అంది ఎవరో చీకట్లో. అత్తకు తెలియని ఇంగ్లీషు మాటలు కూడా వచ్చే ఉంటాయి. అవి వచ్చినప్పుడు బొమ్మలో ముఖాలను చూసి పూరించేది. ఆ పూరణ అసలు కథ కంటే బాగుండేదని నా నమ్మకం.

మగవాళ్ళ వైపు ఏం జరిగిందో తరువాత మా ఆయన చెప్పాడు. తెర వెనుక నుంచి ఆడగొంతు వినబడగానే మొదట నవ్వారట. మిరపకాయలు అమ్ముకోవడానికి వచ్చిన నల్లరేగడి ఊళ్ళ రైతులు సగంమంది మా తెలుగువాళ్ళే. వాళ్ళు ఈలలు మానేసి, పక్కవాళ్ళకు మాట మాట అరవంలో చెప్పడం మొదలుపెట్టారట. కథ చెప్పే ఆయన కాసేపు పోటీపడి, చివరికి కింద కూర్చుని తనూ విన్నాడట. మా ఆయనకు తన తల్లి గొంతు అంత పెద్దదని అప్పుడే తెలిసిందట.

చివరి రీలులో ఆ పిల్ల ఇనుప చువ్వ తీసుకుని గోడను పొడిచింది. దొర వెనుక నుంచి వస్తున్నాడు, ఆమెకు తెలియదు. పెచ్చులు రాలుతున్నాయి, దీపం ఆరిపోవచ్చింది. అత్త చదవడం ఆపింది, ఎందుకంటే తెర మీద చదవడానికి ఏమీ లేదు. గోడ పగిలి, అందులోంచి ఒక చెయ్యి ఒక్కసారిగా మోచేతి దాకా బయటికి వచ్చింది. తెర నిండా అదే చెయ్యి, వేళ్ళు చాచి.

అవతల కుర్చీలు పడ్డాయి. కేకలు, తోపులాట, తలుపు గడియ ఊడిన చప్పుడు. మగవాళ్ళు పరుగెత్తుతున్నారు. మా వైపు అందరమూ ఒకరి చేతులు ఒకరం పట్టుకుని ఉన్నాం. మిరపకాయలు ఏరి ఏరి మండే చేతులవి, నా చేతిని పట్టుకున్న మంట ఇప్పటికీ తెలుస్తోంది.

"చెయ్యి," అంది అత్త. "చెయ్యే గదా. పిల్లా, పట్టుకుని లాగు."

తెర మీది పిల్ల ఆ మాట విన్నట్టే ఆ చేతిని పట్టుకుంది. దొర మెట్ల మీద నుంచి వెనక్కి తూలి పడిపోయాడు. మా అమ్మ చప్పట్లు కొట్టింది. ఆ తరువాత ఇంకా కాసేపు నడిచింది, మంచులో ఇద్దరు ఆడవాళ్ళు బంగళా వదిలి వెళ్ళడం, తెల్లవారడం. చివరి మాటలు తిరగేసి పడ్డాయి. అత్త వాటిని తాపీగా చదివింది.

"ముగిసినాది. ఎవురూ పరిగెత్తద్దు. నడ్సుకుంటా పోదాం."

పన్నెండుమందిమి ఒకరి వెనుక ఒకరం బయటికి నడిచాం. ఎండ కళ్ళలో పొడిచింది. గుమాస్తా పక్కకు తప్పుకున్నాడు. వేపచెట్ల కింద మగవాళ్ళు గుంపులుగా నిలబడి దుమ్ము దులుపుకుంటున్నారు, వాళ్ళలో పెదమామ ఒక కాలికి చెప్పుతో ఉన్నాడు. అత్త తల వంచుకునే నడిచింది. నేను మాత్రం తల ఎత్తి అందరినీ చూసుకుంటూ నడిచాను. నా జన్మలో నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

అంతటితో అయిపోతే పెదమామ ఎందుకవుతాడు. మర్నాడు పొద్దున్నే ప్రెస్సుకు వచ్చి కూర్చున్నాడు. బయటికి రాకపోవడం ఒక్కటే చాలదట, కళ్ళు మూసుకుని కూర్చుంటే ఎవరైనా కూర్చుంటారట. నిజంగా చూశారో లేదో తేల్చుకోవాలన్నాడు. ఆడవాళ్ళను ఒక్కొక్కరినే పిలిపించి ఒకే ప్రశ్న అడిగాడు. గోడలోంచి వచ్చింది ఏ చెయ్యి?

నన్ను అడిగాడు, ఎడమచెయ్యి అన్నాను. మా అమ్మ ఎడమచెయ్యి అంది. వీధిలోవాళ్ళు వరుసగా వచ్చి ఎడమ, ఎడమ, ఎడమ అన్నారు. ఒక్కొక్కరు చెప్పేకొద్దీ ఆయన ముఖం విప్పారుతోంది. చివరికి తొడ మీద చరుచుకుని నవ్వాడు.

"కుడిచెయ్యి," అన్నాడు. "నా రెండు కండ్లతో సూసినాను. వచ్చింది కుడిచెయ్యి. అందురూ కండ్లు మూసుకుని, ఒకరికొకరు సెప్పుకుని వచ్చినారు. లచ్చుమీ, గురువమ్మను ఇంగ ఇంటికి పొమ్మను."

నేను చూశాను, ఎడమచెయ్యే. బొటనవేలు ఎటుందో కూడా చెప్పగలను. కానీ మా ఆయన కూడా ముందు రాత్రి అన్నం తింటూ కుడిచెయ్యి అనే అన్నాడు. ఇద్దరం నిజమే చెబుతుంటే ఇదెలా అని నాకు అర్థం కాలేదు.

అత్త కేసు చాటు నుంచి బయటికి వచ్చింది. చేతిలో ఆకుపచ్చ నోటీసు ఉంది. నేను కోడలినయ్యాక మొదటిసారి ఆమె బావగారి ఎదుట నిలబడడం చూశాను. మాట కూడా నాతో అనలేదు.

"బావా, ఇది ఏ చెయ్యి?" అంది, నోటీసు మీది వేలు చూపే చెయ్యి బొమ్మ ఆయన ముఖం ముందు పెట్టి.

ఆయన తడబడ్డాడు. తమ్ముడి భార్య నేరుగా అడగడం వల్లనో, ప్రశ్న వల్లనో. "కుడిది," అన్నాడు.

ఆమె కాగితాన్ని తిప్పి, కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టింది. పల్చటి కాగితంలోంచి బొమ్మ వెనుక నుంచి కనబడింది. "ఇప్పుడు?"

పెదమామ చూశాడు. తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు, మళ్ళీ కాగితం చూశాడు. "ఎడమది," అన్నాడు.

"మీరు తెరకు ముందర కూసున్నారు, మేము వెనక. మీకు కుడి అయితే మాకు ఎడమే కావల్ల. కండ్లు మూసుకుని ఉంటే నా నోట వినుండల్ల, నేను చెయ్యి అన్నానే గాని ఏ చెయ్యో అన్లేదు. అందురూ ఎడమ అన్నారంటే అందురూ సూసినారు బావా. తెరవెనక కూసున్నోళ్ళు తప్ప ఎడమని ఎవురూ అన్లేరు."

ట్రెడిల్ దగ్గర మా ఆయన నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. లోపలి నుంచి మామయ్య, కళ్ళు కనపడని మామయ్య, 'అన్నా, ఇంగ మండీకి పో' అన్నాడు. పెదమామ లేచాడు. నోటీసును ఇంకోసారి వెలుతురుకు పెట్టి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాట తప్పే మనిషి కాదని ముందే చెప్పాల్సింది. బతికినన్నాళ్ళూ ప్రెస్సు జోలికి రాలేదు. అంతేకాదు, మండీ చీటీలన్నీ ఇక్కడే వేయించేవాడు, 'మా గురువమ్మ తెరవెనక నుంచి కూడా సదువుతాది' అని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేవాడు.

మర్నాడు పొద్దున అక్షరాలు కడుగుతుండగా అత్త కొంగు ముడి విప్పింది. ణకారాలన్నీ కేసులో వాటి గడిలో వేసింది, ఒక్కటి తప్ప. దాన్ని నా కొంగుకు కట్టింది.

"నేను మొదట లేసినాను అత్తా," అన్నాను. అప్పటిదాకా ఆ మాట నన్ను తినేస్తూనే ఉంది.

"లేస్తివి. మళ్ళా కూసుంటివి," అంది. "లేవనోళ్ళకు కూసునేది ఏమి తెలుస్తాది. ఇది నీ కాడ ఉండనీ."

ఇదంతా ఇవాళ ఎందుకు తవ్వుకున్నానంటే, పొద్దున కిరసనాయిలు వాసన గుప్పుమంటున్నప్పుడే ఒక పెద్దమనిషి వచ్చాడు. కొత్తగా పుస్తకాలు, పత్రికలు చదువుకునే మందిరం ఒకటి తెరుస్తున్నారట, తలుపు మీద అంటించడానికి వంద కాగితాలు కావాలట. రాసి తెచ్చిన మాటలు చూశాను. వేళలు, నిబంధనలు అన్నీ బాగానే ఉన్నాయి. చివరి వరుస 'పెణ్‌గళ్‌కు ప్రవేశం లేదు'.

నేను అంతా పేర్చాను. చివరి వరుస దగ్గర ఆగి, కొంగు ముడి తడుముకున్నాను. సీసం అరిగి నున్నబడింది గానీ బరువు తగ్గలేదు. పెదమామ గొంతు వినబడితే వరుసలు కూలిపోయిన చేతులివి, ఇప్పుడు ఒక్క అక్షరమూ జారలేదు. వచ్చిన పెద్దమనిషి కళ్ళలోకి నేరుగా చూసి చెప్పాను.

"ఈ వరస పడదయ్యా. అచ్చరం సాల్లేదు."